థ్రాటిల్ మారిస్తే సరిపోదు, ఇంజను కంప్యూటరుకి మళ్ళీ నేర్పాలి

అమెరికాలో ఉన్న మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో చాలామందికి కారుతో ఉన్న పరిచయం మూడు పనులతో సరి. గ్యాసు పోయించడం, వేళకి ఆయిలు మార్పించడం, డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజను బొమ్మ వెలిగితే గుండె గుభేలుమనడం. ఆ తరువాత మెకానిక్కు ఎంత చెబితే అంత కట్టి ఇంటికి రావడమే. పొద్దున్న లేచింది మొదలు ఇంకొకరు రాసిన కోడులో తప్పులు వెతికే మనం, ఇంటి ముందు నిలబెట్టిన నాలుగు చక్రాల కంప్యూటరు జోలికి మాత్రం వెళ్ళం. నిజానికి అందులో జరిగే గొడవల్లో చాలా భాగం మనకి బాగా తెలిసినవే: పాతబడిన డేటా, తప్పిన కాలిబ్రేషను, హార్డ్‌వేరు మార్చాక దాంతో పొసగని కాన్ఫిగరేషను.

ఈ నెల అలాంటి ఒక్క విషయాన్నే తీసుకుందాం. కారులో థ్రాటిల్ బాడీ అనే భాగం ఉంటుంది. దాన్ని మార్చినా, విప్పి శుభ్రం చేసినా, చాలా కార్లలో ఇంజను కంప్యూటరు కొంతసేపు తికమక పడుతుంది. దానికి మళ్ళీ పాఠం చెప్పాలి. ఈ పనిని మెకానిక్కులు ‘రీలెర్న్’ అంటారు. దీని సంగతి తెలియక కొత్త భాగం కూడా పాడైందనుకుని ఇంకొకటి కొనేవాళ్ళూ, ఏకంగా ఇంజను కంప్యూటరునే మార్పించేవాళ్ళూ ఉన్నారు.

గాలికి గుమ్మం

కాలి కింద ఉన్నదాన్ని గ్యాస్ పెడల్ అంటాం కాని, పెట్రోలు కారులో అది తొక్కితే ముందు పెరిగేది పెట్రోలు కాదు, గాలి. ఇంజనులోకి గాలి వెళ్ళే దారిలో ఒక అల్యూమినియం గొట్టం, దానిలో ఇరుసు మీద తిరిగే గుండ్రటి రేకు ఉంటాయి. రేకు అడ్డంగా ఉంటే దారి మూత, నిలువుగా తిరిగితే దారి బార్లా. ఈ గొట్టం, రేకు, వాటికి తగిలించిన సరంజామా అంతా కలిపి థ్రాటిల్ బాడీ. లోపలికి వచ్చిన గాలి ఎంతో కొలిచి, బరువులో సుమారు 14.7 పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోలు చొప్పున కంప్యూటరు లెక్కగట్టి చిమ్మిస్తుంది. అంటే గాలి యజమాని, పెట్రోలు దాని వెనక నడిచే నౌకరు అన్నమాట.

పెడల్ వదిలేసి సిగ్నలు దగ్గర నిలబడ్డప్పుడు కూడా ఇంజను ఆగిపోకుండా నిమిషానికి 600 నుంచి 800 చుట్లు తిరుగుతూ ఉండాలి. దీన్నే ఐడిల్ అంటాం. అందుకు కొద్దిపాటి గాలి కావాలి. కార్బురేటరు రోజుల్లో ఈ కొద్దిపాటిని ఒక మరతో సరిచేసేవారు. విజయవాడ ఆటోనగర్‌లో చెవి అటు పెట్టి, స్క్రూడ్రైవరు ఇటు తిప్పి, ఇంజను శబ్దాన్ని బట్టి “ఆ, ఇప్పుడు సరిపోయింది” అనే మేస్త్రీని చూసే ఉంటారు. ఆ మేస్త్రీ చెవి చేసే పనిని ఇప్పుడు సాఫ్ట్‌వేరు చేస్తోంది. ఈ వ్యాసంలో చెప్పబోయేదంతా ఆ చెవి గురించే అనుకోండి.

కేబుల్ పోయి కరెంటు తీగ వచ్చె

ఒకప్పుడు పెడల్‌కీ రేకుకీ మధ్య ఉక్కు కేబుల్ ఉండేది. కాలు ఎంత నొక్కితే రేకు అంత తిరిగేది. మధ్యలో ఎవరి పెత్తనమూ లేదు. 1980ల చివర బి.ఎం.డబ్ల్యు. తన 7 సిరీస్ కార్లలో ఆ కేబుల్ తీసేసి ఎలక్ట్రానిక్ థ్రాటిల్ పెట్టింది. 1997లో వచ్చిన అయిదో తరం షెవర్లే కార్వెట్‌లోనూ ఇదే పద్ధతి. తరువాతి పదేళ్ళలో మామూలు కార్లన్నిటికీ ఇది పాకింది.

ఈ కొత్త ఏర్పాటులో పెడల్ అనేది కీబోర్డు లాంటి ఇన్‌పుట్ పరికరం మాత్రమే. అది చెప్పేది ‘డ్రైవరు ఇంత కోరుతున్నాడు’ అని. కంప్యూటరు ఆ కోరికని, చక్రాలు జారుతున్నాయా, క్రూయిజ్ కంట్రోల్ వేసి ఉందా, గేరు మారుతోందా అన్న విషయాలని కలిపి ఆలోచించి, రేకు ఎంత తెరవాలో నిర్ణయిస్తుంది. థ్రాటిల్ బాడీలో చిన్న డి.సి. మోటారు, పళ్ళ చక్రాలు, స్ప్రింగు ఉంటాయి. కంప్యూటరు పల్సుల రూపంలో కరెంటు పంపి మోటారుని అటూ ఇటూ తిప్పుతుంది. రేకు ఎక్కడ ఉందో చెప్పడానికి సెన్సర్లు ఒకటి కాదు, రెండు. చాలా కార్లలో ఒకదాని వోల్టేజి పెరుగుతుంటే రెండోదానిది తగ్గుతుంది, రెండూ కూడితే సుమారు 5 వోల్టులు రావాలి. పెడల్ దగ్గర కూడా కనీసం రెండు సెన్సర్లు ఉంటాయి. రెండు సాక్షుల మాట కలవకపోతే కంప్యూటరు ఎవరినీ నమ్మదు. పి2135 లాంటి కోడు నమోదు చేసి, మోటారుకి కరెంటు తగ్గించి, కారుని ‘లింప్ మోడ్’ అనే కుంటి నడకలోకి దించుతుంది. అప్పుడు స్ప్రింగు రేకుని పూర్తిగా మూయదు, కాస్త తెరిచి నిలబెడుతుంది. కారు నత్తనడకన రోడ్డు పక్కకి చేరేందుకు ఆ సందు చాలు.

నేర్చుకున్న విలువలు

ఇక అసలు విషయం. ఫ్యాక్టరీ నుంచి వచ్చే కంప్యూటరులో ఇంజను లెక్కలకి సంబంధించిన పట్టికలు ఉంటాయి. ఇవి ఆ మోడలు కార్లన్నిటికీ ఒకటే. కాని ఏ రెండు కార్లూ అచ్చం ఒకేలా ఉండవు. గొట్టం వ్యాసంలో వెంట్రుకవాసి తేడా ఉండవచ్చు, సెన్సరు బిగించిన కోణంలో తేడా ఉండవచ్చు. అందుచేత ప్రతి కారు కంప్యూటరూ ఫ్యాక్టరీ పట్టిక మీద తన సొంత సవరణలని రాసుకుంటుంది. డిఫాల్టు కాన్ఫిగరేషను ఫైలు ఒకటి, దాని మీద వాడకందారు పెట్టుకునే మార్పుల ఫైలు మరొకటి ఉన్నట్టు.

ఈ సవరణలలో మనకి కావలసినవి మూడు. మొదటిది మూత స్థానం. రేకు పూర్తిగా మూసుకున్నప్పుడు సెన్సరు ఎంత వోల్టేజి చూపిస్తోందన్నది. త్రాసుకి సున్నా చూసుకోవడం వంటిది ఇది. రెండోది ఐడిల్ గాలి. ఈ ఇంజను సిగ్నలు దగ్గర ఆగకుండా తిరగాలంటే రేకుని ఎంత సందు తెరవాలన్నది. మూడోది పెట్రోలు సవరణ, అంటే ఫ్యూయల్ ట్రిమ్. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు చెప్పినదాన్ని బట్టి పట్టికలో ఉన్నదానికన్నా ఎంత శాతం ఎక్కువ లేక తక్కువ పెట్రోలు చిమ్మాలన్నది.

ఇంజను వయసు పెరిగేకొద్దీ దాని లోపలి నుంచి తిరిగి వచ్చే ఆయిలు ఆవిరి రేకు అంచుల మీద నల్లటి జిగురులా పేరుకుంటుంది. ఉదాహరణకి ఐడిల్‌లో గాలికి 3 పాళ్ళ సందు కావాలనుకుందాం. జిగురు అందులో 1 పాలు మూసేసింది. మూడో వంతు గాలి పోయింది! అదే రేకు బార్లా తెరిచినప్పుడు 100 పాళ్ళలో 1 పాలు పోయినట్టు, ఎవరికీ తెలియదు. అందుకే థ్రాటిల్ మురికి రోగం ఎప్పుడూ ఐడిల్ దగ్గరే బయటపడుతుంది, హైవే మీద కాదు. కంప్యూటరు దీన్ని గమనించి, రేకుని కొంచెం కొంచెంగా ఎక్కువ తెరవడం నేర్చుకుంటుంది. ఏళ్ళ తరబడి డ్రైవరుకి ఏమీ తెలియనివ్వకుండా సర్దుకుపోతుంది. ఇక సర్దుకోలేని హద్దు వచ్చినప్పుడు ఇంజను ఊగుతుంది, బ్రేకు తొక్కి ఆగగానే ఆగిపోతుంది, పి0506 అనే కోడు, అంటే ఐడిల్ ఉండవలసినదానికన్నా తక్కువ అని, నమోదు అవుతుంది.

ఇప్పుడు మీరు జిగురంతా తుడిచేశారు, లేదా కొత్త థ్రాటిల్ బాడీ బిగించారు. సందు 3 పాళ్ళూ ఖాళీ అయింది. కాని కంప్యూటరు పాత అలవాటు ప్రకారం ఎక్కువే తెరుస్తోంది. ఫలితం: పెడల్ ముట్టుకోకపోయినా ఇంజను 1200, 1500 చుట్లు తిరుగుతుంది. పి0507 అనే కోడు, ఐడిల్ మరీ ఎక్కువ అని, వస్తుంది. మన భాషలో చెప్పాలంటే సర్వరు మార్చారు, క్యాషె ఖాళీ చెయ్యలేదు.

ఇది వట్టి చిరాకుతో పోయే విషయం కాదు. గేరులో ఉన్న ఆటోమేటిక్ కారు అంత ఐడిల్‌తో ఉంటే, బ్రేకు మీద కాలు కాస్త వదలగానే ముందుకి ఉరుకుతుంది. పార్కింగ్ లాటులో, ముందు నడుస్తున్న పిల్లల వెనక, ఆ ఉరుకు ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఐడిల్ మరీ తక్కువైతే ఎదురుగా వాహనాలు వస్తుండగా ఎడమ వైపు మలుపు మధ్యలో ఇంజను ఆగిపోవచ్చు. ఇంజను ఆగితే స్టీరింగు, బ్రేకు రెండూ బిగుసుకుంటాయి.

కొత్తగా ఉద్యోగంలో చేరి వాడిన కారు కొనుక్కున్న ఒక మిత్రుడికి సరిగ్గా ఇదే జరిగింది. థ్రాటిల్ శుభ్రం చేయించిన రోజు నుంచి ఐడిల్ 1400 దగ్గర నిలిచిపోయింది. ఒక గరేజీ వాళ్ళు ఇంజను కంప్యూటరే పోయిందని, మార్చాలని చెప్పారు. ఆ మాట విన్నాక ఇద్దరం సర్వీసు మాన్యువల్ చూసి, గడియారం పక్కన పెట్టుకుని, అందులోని రీలెర్న్ పద్ధతి ప్రకారం చేశాం. పావుగంటలో ఐడిల్ 700కి దిగింది. ఖర్చు లేదు.

ముందు రోగం, తరువాత మందు

కోడు వచ్చింది కదా అని వెంటనే థ్రాటిల్ బాడీ కొనకండి. కోడు అనేది లక్షణాన్ని చెబుతుంది, కారణాన్ని కాదు. లాగ్ ఫైలులో కనపడ్డ ఎర్రర్ వరసే బగ్ ఉన్న వరస కానట్టు.

అమెరికాలో 1996 నుంచి అమ్మిన ప్రతి కారులోనూ స్టీరింగు కింద ఓ.బి.డి. 2 అనే 16 పిన్నుల సాకెట్టు ఉంటుంది. చవకలో దొరికే బ్లూటూత్ అడాప్టరు దానికి తగిలిస్తే ఫోనులోనే సంగతులు చదవవచ్చు. ఇందులో దాపరికం ఏమీ లేదు. ఇంజను వేగం అడిగితే రెండు బైట్లు వస్తాయి. మొదటిదాన్ని 256తో గుణించి, రెండోది కలిపి, 4తో భాగిస్తే ఆర్.పి.ఎం. థ్రాటిల్ స్థానం ఒక బైటు, 255కి నూరు శాతం. ఫ్యూయల్ ట్రిమ్ కూడా ఒక బైటే, అందులో 128 అంటే సున్నా సవరణ. కావాలంటే ఓ శనివారం కూర్చుని మీరే పైథాన్‌లో రాసుకోవచ్చు.

చదివినదాన్ని ఇలా అర్థం చేసుకోవాలి. ఐడిల్‌లో ఫ్యూయల్ ట్రిమ్ బాగా ప్లస్‌లో ఉండి, 2500 చుట్లకి పెంచగానే సున్నా దగ్గరికి వస్తే, థ్రాటిల్ దాటాక ఎక్కడో గొట్టం చీలి దొంగగాలి దూరుతోందని అనుమానించాలి. అది థ్రాటిల్ మారిస్తే పోయే జబ్బు కాదు. బ్యాటరీ నీరసంగా ఉన్నా, థ్రాటిల్ ప్లగ్గులో పిన్నులు తుప్పు పట్టినా సెన్సరు కోడులు వస్తాయి. వాటిని చూశాక గాలి గొట్టం విప్పి రేకు చూడండి. నల్లగా ఉంటే ముందు శుభ్రం చేసి చూడాలి. రెండు సెన్సర్ల మాట కలవకపోయినా, మోటారు పళ్ళు అరిగినా అప్పుడు మార్చాలి.

శుభ్రం చేసేటప్పుడు మూడు జాగ్రత్తలు. థ్రాటిల్ బాడీకని అమ్మే ద్రవమే వాడాలి, దాన్ని గుడ్డ మీద కొట్టుకుని తుడవాలి, కుమ్మరించకూడదు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా రేకుని వేలితో తొయ్యకూడదు, మోటారు తిరిగితే వేలు నలుగుతుంది. రేకు ఆనే చోట ఉండే చిన్న మరని తిప్పకూడదు. అది ఫ్యాక్టరీలో కొలిచి బిగించినది. ఆటోనగర్ మేస్త్రీ తిప్పిన మరా, ఇదీ ఒకటి కాదు.

మార్చడం మాత్రం ఈ కథలో సులువైన భాగం. బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, గాలి గొట్టం, ప్లగ్గు ఊడదీసి, మామూలుగా నాలుగు బోల్టులు విప్పితే థ్రాటిల్ బాడీ చేతికి వస్తుంది. కొన్నిటికి చలికాలంలో మంచు పట్టకుండా కూలెంటు గొట్టాలు కూడా ఉంటాయి. ఇంజను చల్లారాకే వాటిని ముట్టుకోవాలి. పాత గాస్కెట్టు తీసేసి కొత్తది పెట్టాలి. బోల్టులు దిగేది అల్యూమినియంలోకి కనుక బలం ఉంది కదా అని బిగించకుండా, మాన్యువల్‌లో చెప్పిన టార్కుకి, ఎదురెదురు మూలల వరసలో బిగించాలి.

నేర్పే పద్ధతులు

ఇక్కడ ఒక్కో కంపెనీది ఒక్కో దారి. కిందివి మచ్చుకి. మీ కారు సంవత్సరం, మోడలు ప్రకారం మాన్యువల్ చూసుకున్నాకే చెయ్యండి. హ్యాండ్ బ్రేకు వేసి, పార్కులో పెట్టి, గరేజీలో అయితే తలుపు పూర్తిగా తెరిచి ఉంచాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణాలు తీస్తుంది.

నిస్సాన్: ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న 2000ల నాటి కార్లలో ఏ పరికరమూ లేకుండా, తాళంతోనూ కాలితోనూ నేర్పవచ్చు. ఇందులో మూడు అంచెలు.

మొదటి అంచె, పెడల్ సున్నా. పెడల్ మీద కాలు పెట్టకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి కనీసం 2 సెకన్లు ఆగాలి. ఆఫ్ చేసి కనీసం 10 సెకన్లు. మళ్ళీ ఆన్ చేసి 2 సెకన్లు, ఆఫ్ చేసి 10 సెకన్లు.

రెండో అంచె, థ్రాటిల్ సున్నా. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఆఫ్ చేసి, 10 సెకన్లు ఆగాలి. ఆ వ్యవధిలో రేకు కదులుతున్న చప్పుడు వినపడాలి. మోటారు రేకుని మూత దాకా తోసి, అక్కడి వోల్టేజిని రాసుకుంటోందన్నమాట.

మూడో అంచె, ఐడిల్ గాలి. ముందుగా ఇంజనుని బాగా వేడెక్కించాలి. కూలెంటు 70 నుంచి 100 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య, ఐడిల్‌లో బ్యాటరీ 12.9 వోల్టులకి పైన ఉండాలి. ఏసీ, లైట్లు, వెనక అద్దం హీటరు ఆపాలి. స్టీరింగు నిటారుగా ఉండాలి. అప్పుడు ఇంజను ఆపి 10 సెకన్లు ఆగండి. ఇగ్నిషన్ ఆన్ చేసి, స్టార్టు చెయ్యకుండా, 3 సెకన్లు ఆగండి. ఆ వెంటనే 5 సెకన్లలోపు పెడల్‌ని అయిదుసార్లు పూర్తిగా తొక్కి వదలండి. 7 సెకన్లు ఆగి, పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకోండి. ఇంజను బొమ్మ మిణుకుమంటుంది. సుమారు 20 సెకన్లకి మిణకడం మాని నిలకడగా వెలుగుతుంది. అలా వెలిగిన 3 సెకన్లలోపు కాలు తీసెయ్యండి. ఇంజను స్టార్టు చేసి 20 సెకన్లు వదిలెయ్యండి. రెండు మూడుసార్లు రేజ్ చేసి ఐడిల్ సరిగ్గా ఉందో చూడండి.

ఇది వీడియో గేములో చీట్ కోడులా కనిపిస్తుంది, నిజమే. సెకన్లు తప్పితే పట్టించుకోదు. కంగారుపడకుండా మళ్ళీ మొదటి నుంచి చెయ్యడమే. ఒకరు గడియారం చూసి లెక్కబెడుతుంటే పని సులువు.

హోండా: స్కానరుతో కంప్యూటరు రీసెట్ చేశాక, కరెంటు వాడే వస్తువులన్నీ ఆపి, ఇంజను స్టార్టు చేసి, రేడియేటరు ఫ్యాను తిరిగేదాకా లేదా కూలెంటు 90 డిగ్రీలకి చేరేదాకా 3000 చుట్ల దగ్గర పట్టుకోవాలి. తరువాత పెడల్ వదిలేసి సుమారు 5 నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి.

జి.ఎం.: చాలా మోడళ్ళలో స్కానరుతో ఒక్క ఆజ్ఞ ఇస్తే పాత విలువ చెరిగిపోతుంది. స్కానరు లేకపోతే ఇంజనుని 3 నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, 60 సెకన్లు ఆపి, మళ్ళీ 3 నిమిషాలు ఉంచాలి. అప్పటికీ దిగకపోతే గంటకి 44 మైళ్ళకి పైన నడిపి, చాలాసార్లు వేగం తగ్గించి, మధ్యమధ్య ఐడిల్‌లో నిలపాలి.

ఫోక్స్‌వాగన్: 2000ల నాటి కార్లలో ఇంజను ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, స్కానరులో బేసిక్ సెట్టింగ్స్ గ్రూపు 060 తెరిస్తే, రేకు తనంతట తనే అటూ ఇటూ ఆడి, చివర ‘ఏ.డి.పి. ఓకే’ అని చూపిస్తుంది.

నాలుగు పద్ధతుల్లోనూ సూత్రం ఒకటే. ముందు పాత సవరణని చెరపాలి. తరువాత స్థిరమైన పరిస్థితి కల్పించాలి: వేడెక్కిన ఇంజను, నిండైన బ్యాటరీ, అదనపు బరువు లేకపోవడం. అప్పుడు కొలవనివ్వాలి. ఏసీ వేసి నేర్పితే ఏసీ బరువుతో కలిపి నేర్చుకుంటుంది. తప్పుడు డేటాతో శిక్షణ ఇచ్చిన మోడలు ఎలా ఉంటుందో మనవాళ్ళకి వేరే చెప్పాలా?

స్మాగ్ చెక్ ముందు రోజు మాత్రం వద్దు

కోడులు చెరిపినా, బ్యాటరీ ఊడదీసినా, కాలుష్య పరీక్షలకి సంబంధించి కంప్యూటరు తనకు తాను చేసుకునే తనిఖీల ఫలితాలు కూడా చెరిగిపోతాయి. వీటిని రెడీనెస్ మానిటర్లు అంటారు. ఇవి మళ్ళీ పూర్తికావాలంటే కొన్ని రోజులు రకరకాల వేగాల్లో నడపాలి. కాలిఫోర్నియాలో 2000, ఆ తరువాతి మోడలు పెట్రోలు కార్లకి స్మాగ్ చెక్‌లో ఆవిరి వ్యవస్థ మానిటరు ఒక్కటి తప్ప మిగతావన్నీ పూర్తయి ఉండాలి. అంతేకాక 2019 జూలై నుంచి, 2010, ఆ తరువాతి మోడళ్ళలో శాశ్వత కోడులని కూడా చూస్తున్నారు. వీటిని ఏ స్కానరూ చెరపలేదు. జబ్బు నిజంగా నయమైందని కంప్యూటరుకి నమ్మకం కలిగాక అదే చెరుపుకుంటుంది. కాబట్టి రిజిస్ట్రేషను గడువుకి కనీసం రెండు మూడు వారాల ముందే ఈ పని ముగించుకోండి.

తాళంచెవి ఎవరిది?

ఈ విషయంలో వోల్వో కథ చెప్పుకోదగ్గది. 1999 నుంచి 2001 దాకా వచ్చిన వోల్వో కార్లలో మాన్యెటి మరెల్లి తయారుచేసిన ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉండేది. దానిలోని సెన్సరు ఒక సన్నటి పూత మీద రాసుకుంటూ తిరిగే రకం. నడిచేకొద్దీ ఆ పూత అరిగిపోయి, కారు లింప్ మోడ్‌లోకి పోయేది. ఫిర్యాదులు పెరిగి, కాలిఫోర్నియా గాలి కాలుష్య నియంత్రణ మండలి కలగజేసుకున్నాక, ఆ భాగానికి వారంటీని 10 ఏళ్ళు లేదా 2 లక్షల మైళ్ళకి వోల్వో పొడిగించింది. ఇందులో మనం గమనించవలసినది ఇంకొకటి ఉంది. ఆ థ్రాటిల్‌లో దాని సొంత మైక్రోప్రాసెసరు ఉండేది. కొత్తది బిగించాక, ఆ కారు కోసం కంపెనీ నుంచి సాఫ్ట్‌వేరు దించి ఎక్కిస్తేనే పనిచేసేది. జంక్‌యార్డు నుంచి తెచ్చిన మంచి భాగాన్ని బోల్టులు బిగించి నడుపుకునే వీలు లేదు. విడిభాగం మీ చేతిలో ఉన్నా, తాళంచెవి డీలరు దగ్గరే ఉండిపోయింది.

ఇలాంటివే ‘రైట్ టు రిపేర్’ ఉద్యమానికి ఊపిరి పోశాయి. 2012లో మసాచుసెట్స్ వోటర్లు, డీలర్లకి ఇచ్చే రిపేరు సమాచారం, పరికరాలు బయటి మెకానిక్కులకీ యజమానులకీ కూడా సరసమైన ధరకి అమ్మాలన్న చట్టాన్ని ఆమోదించారు. 2014 జనవరిలో కార్ల కంపెనీలు దాన్ని దేశమంతటికీ వర్తింపజేస్తూ ఒప్పందానికి వచ్చాయి. 2015లో కాపీరైటు చట్టం కింద, సొంత వాహనంలోని సాఫ్ట్‌వేరుని రిపేరు కోసం విప్పి చూడటానికి మినహాయింపు దొరికింది. ఆ తరువాత మూడేళ్ళకోసారి దాన్ని పొడిగిస్తూ వచ్చారు. కారు నుంచి వైర్‌లెస్‌గా కంపెనీకి వెళ్ళే డేటా మీద హక్కు ఎవరిదన్న ప్రశ్నకి 2020లో మసాచుసెట్స్ వోటర్లు మళ్ళీ యజమాని పక్షానే నిలిచారు. కంపెనీలు దాని మీద కోర్టుకి వెళ్ళాయి.

విప్పి చూసే హక్కు ఎందుకు ముఖ్యమో టయోటా వ్యవహారం చెబుతుంది. 2009, 2010లలో టయోటా కార్లు తమంతట తాము వేగం పుంజుకుంటున్నాయని గగ్గోలు లేచింది. ప్రభుత్వం కోరగా నాసా ఇంజనీర్లు పరిశీలించి, 2011 ఫిబ్రవరిలో, ఎలక్ట్రానిక్ లోపం కారణమని చెప్పే ఆధారం దొరకలేదని నివేదించారు. చిక్కుకునే పెడళ్ళు, కాలి కింది మ్యాట్లు కారణాలుగా తేలాయి. తరువాత ఓక్లహోమాలో 2005 కామ్రీ ప్రమాదం మీద నడిచిన దావాలో మైకేల్ బార్ అనే ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ నిపుణుడు థ్రాటిల్‌ని నడిపే సోర్సు కోడు చదివి, అందులో పదివేల దాకా గ్లోబల్ వేరియబుల్సు ఉన్నాయని, ఒక పని ఆగిపోతే దాన్ని పట్టుకునే రక్షణ చాలదని సాక్ష్యం చెప్పాడు. 2013 అక్టోబరులో జ్యూరీ 30 లక్షల డాలర్ల పరిహారం విధించింది, ఆపైన రెండు పక్షాలూ రాజీపడ్డాయి. పెడళ్ళు, మ్యాట్ల విషయంలో వినియోగదారులని తప్పుదారి పట్టించినందుకు 2014 మార్చిలో టయోటా 120 కోట్ల డాలర్లు కట్టడానికి అమెరికా ప్రభుత్వంతో ఒప్పుకుంది. ఇద్దరు నిపుణులు ఒకే వ్యవస్థని చూసి వేరువేరు మాటలు చెప్పగలిగారంటే, ఆ వ్యవస్థని ఎంత ఎక్కువమంది చూడగలిగితే అంత మంచిదని కదా అర్థం.

మీరు చెయ్యదగినవి

మొదట, మీ కారు సర్వీసు మాన్యువల్ సంపాదించండి. కార్ల కంపెనీల సర్వీసు సైట్లలో చాలావరకు ఒకటి రెండు రోజులకి కూడా చందా ఇస్తాయి. అమెరికాలో చాలా పబ్లిక్ లైబ్రరీలు రిపేరు మాన్యువళ్ళ డేటాబేసుని కార్డు ఉన్నవాళ్ళకి ఉచితంగా చూడనిస్తాయి. రెండోది, కారు బాగున్న రోజునే ఐడిల్ వేగం, ఆ వేగంలో థ్రాటిల్ శాతం, ఫ్యూయల్ ట్రిమ్ చదివి ఎక్కడైనా రాసిపెట్టుకోండి. జబ్బు చేసిన రోజున పోల్చుకోవడానికి అంతకన్నా మంచి ఆధారం దొరకదు. మూడోది, మీరు స్వయంగా పానా పట్టకపోయినా, థ్రాటిల్ శుభ్రం చేయించినప్పుడో మార్పించినప్పుడో గరేజీలో ఈ ఒక్క ప్రశ్న అడగండి: “రీలెర్న్ చేశారా? చేశాక ఐడిల్ ఎంత చూపించింది?” తెలిసిన మెకానిక్కు అయితే వెంటనే అంకె చెబుతాడు. అంకె చెప్పలేకపోతే, డబ్బు కట్టే ముందు ఇంజను స్టార్టు చేయించి, టాకోమీటరు మీరే చూసుకోండి.